రాజుల తోటలో విశ్వాసి చూపు

సెలవులు రాగానే పిల్లాపాపలతో హైదరాబాదు బయలుదేరే కుటుంబాలు మా చోడవరం ముస్లిముల్లోనూ కొన్ని ఉంటాయి. చార్మినార్, మక్కా మసీదు చూసుకుని, గోల్కొండ కోట ఎక్కి దిగి, దానికి దగ్గర్లోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఒక పూట గడిపి వస్తారు. ఈ ప్రయాణం గురించి రెండు రకాల మాటలు వినబడుతుంటాయి. గతించిన రాజుల విలాసాలు చూడడానికి ఇంత ఖర్చు దండగ, దీన్‌దార్లు చేయవలసిన పని కాదు అనేది కొందరు పెద్దల మాట. అవన్నీ మనవాళ్లు కట్టినవి, మన పిల్లలు చూసి గర్వపడాలి అనేది యువకుల మాట. ధర్మం ఎవరి పక్షాన ఉందని మమ్మల్ని అడిగినవారున్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది, కొంత ప్రమాదముంది. ప్రమాదం రెండో మాటలోనే ఎక్కువని మా అభిప్రాయం.

ముందుగా మస్అలా సంగతి. ప్రయాణం చేయడం, అందమైన చోట్లు చూడడం మౌలికంగా ధర్మసమ్మతమే (ముబాహ్). నమాజులు పోగొట్టుకోకూడదు, పరదా హద్దులు దాటకూడదు, అప్పు చేసి వెళ్లకూడదు, ఇంట్లోవారి హక్కు ఎగ్గొట్టి వెళ్లకూడదు. ఇవి అందరికీ తెలిసిన షరతులే. మూడు మసీదులకు తప్ప ప్రయాణం కట్టవద్దన్న హదీసును కొందరు ఇక్కడ ప్రస్తావిస్తారు. ప్రత్యేక పుణ్యం ఆశించి ఒక చోటికి పనిగట్టుకుని వెళ్లడం గురించి ఆ హదీసు వచ్చిందని, చదువు, వ్యాపారం, విహారం వంటి ప్రయాణాలకు అది వర్తించదని ఎక్కువమంది ఉలమా వివరించారు. కాబట్టి వెళ్లేవారిని పాపాత్ములుగా చూడవలసిన పని లేదు.

దివ్య ఖుర్ఆన్ భూమిలో సంచరించమని పలుచోట్ల ఆదేశిస్తోంది. ఆ ఆదేశంలో వచ్చే ‘సీరూ’ అనే అరబీ పదమూ, ఉర్దూలో మనం షికారుకు వాడే ‘సైర్’ అనే పదమూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. బాగ్ కీ సైర్ అంటే మనకు తోటలో సరదాగా తిరిగి రావడం. ఖుర్ఆన్ మాత్రం చాలాచోట్ల ఆ పదం వెంటనే చూడమనే ఆదేశాన్ని కూడా జత చేసింది. సృష్టి ఎలా ఆరంభమయిందో చూడమని అన్‌కబూత్ సూరా (29:20), సత్యాన్ని తిరస్కరించినవారి ముగింపు ఎలా అయిందో చూడమని అన్ఆమ్ సూరా (6:11) చెబుతున్నాయి. హజ్ సూరా (22:46) ఇంకా లోతుకు వెళ్లి, గుడ్డివయ్యేవి కళ్లు కావని, రొమ్ముల్లో ఉన్న హృదయాలని హెచ్చరిస్తోంది. ఉర్దూ సైర్‌లో ఆ చూపు జారిపోయింది, తిరగడం మాత్రం మిగిలింది. అందుచేత తోటకు వెళ్లవచ్చునా అన్న ప్రశ్న కన్నా, వెళ్లినవాడు దేన్ని చూసి వచ్చాడన్న ప్రశ్న పెద్దది.

ఇక ఆ తోటలో ఏముంది? 106 ఎకరాల ఆవరణలో 40 దాకా సమాధి మందిరాలు, 20కి పైగా మసీదులు, మెట్ల బావులు, నీటి ఏర్పాట్లు ఉన్నాయి. 1687 వరకు సుమారు 170 ఏళ్లు గోల్కొండను ఏలిన సుల్తానులు, వారి బేగములు, సేనానులు, హకీములు అక్కడ ఖననమయ్యారు. చాలాకాలం ఆలనాపాలనా సరిగా లేక దెబ్బతిన్న ఆ కట్టడాలను ప్రభుత్వ పురావస్తు శాఖ, ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ కలిసి 2013లో బాగుచేయడం మొదలుపెట్టాయి. ఆ పని 2024లో పూర్తయింది. ఆ 2013లోనే వానలకు బడీ బావ్లీ గోడ కూలిపోతే, రాళ్లను మళ్లీ పేర్చి నిలబెట్టారు. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం కూడా వచ్చింది. పనివారి నేర్పును మెచ్చుకోవలసిందే. వాన నీరు మళ్లీ బావిలో నిలవడం ఏ కాలంలోనైనా మంచి పనే.

మేము ముఖ్యంగా చూడమనేది గుమ్మటాలను కాదు, వాటికి కాస్త దూరంగా ఉన్న హమామ్‌ను. రాజకుటుంబంలో ఎవరు చనిపోయినా మయ్యిత్‌ను ఖననానికి ముందు అక్కడికే తెచ్చి గుస్ల్ ఇచ్చేవారు. మధ్యలో రాతి అరుగు ఉంది. ఊరిని తోటల నగరంగా తీర్చిదిద్దాలనుకున్న మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1612లో మరణించాడు. 1591లో చార్మినార్ ఎత్తిన ఆ సుల్తానును కూడా ఎవరో ఇద్దరు ముగ్గురు పట్టుకుని పక్కకు తిప్పి నీళ్లు పోసి ఉంటారు. మా మొహల్లాలో కూలివాడు పోయినా చేసేది అదే. గుస్ల్ విధానంలో సుల్తానుకు వేరే అధ్యాయమేదీ మదరసాలో మాకు చెప్పలేదు.

వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ 1543లో, వృద్ధాప్యంలో, నమాజులో ఉండగా హత్యకు గురయ్యాడు. ఆ హత్య వెనుక ఉన్నది కుమారుడు జంషీదేనని చరిత్ర చెబుతోంది. ఏడేళ్లకు జంషీద్ కూడా మరణించాడు. తండ్రి గుమ్మటం, కొడుకు గుమ్మటం ఒకే తోటలో ఉన్నాయి. ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానాషా మాత్రం ఆ తోటలో లేడు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. తానాషాను దౌలతాబాద్ కోటలో బందీగా ఉంచారు. ఆయన అక్కడే కన్నుమూశాడు, దగ్గర్లోని ఖుల్దాబాద్‌లో ఖననమయ్యాడు. 1707లో మరణించిన ఔరంగజేబు సమాధి కూడా ఆ ఖుల్దాబాద్‌లోనే, పైన గుమ్మటం లేకుండా, ఆకాశం కింద ఉంది. ఓడినవాడు, గెలిచినవాడు ఒకే చిన్న ఊరి మట్టిలో పడుకున్నారు. వదలి వెళ్లిన తోటలు, చెలమలు, పంటపొలాలు ఎన్నో! వాటికి వేరొకరిని వారసులుగా చేశామని దుఖాన్ సూరా (44:25-28) ఫిరౌన్ జాతి గురించి చెప్పిన సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

అయితే ఒక జాగ్రత్త. కుతుబ్‌షాహీలు ఫిరౌన్‌లు కారు, కలిమా పలికినవారు. వారి లెక్క అల్లాహ్ దగ్గర ఉంది. మృతులను దూషించవద్దని, తాము ముందుగా పంపుకున్న కర్మల వద్దకు వారు చేరుకున్నారని దైవప్రవక్త (స) తెలియజేసినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). కనుక వారిని నరకవాసులుగా తీర్మానించే అధికారం మనకు లేదు. ఆ అధికారం లేనట్లే, వారి వైభవాన్ని మన ఖాతాలో రాసుకునే అధికారం కూడా లేదని మేమంటున్నాం.

‘మనవాళ్లు’ అనే మాటను కాస్త విప్పి చూద్దాం. నూహ్ (అలై) సొంత కుమారుడే మునిగిపోతున్నప్పుడు అతను నీ కుటుంబీకుడు కాడని అల్లాహ్ స్పష్టం చేశాడు (హూద్ 11:46). ఆచరణ వెనుకపడేసిన మనిషిని వంశం ముందుకు తీసుకుపోలేదని దైవప్రవక్త (స) చెప్పారు (ముస్లిం). పోనీ చరిత్ర పరంగా చూసినా, మన ఉత్తరాంధ్ర తీరం గోల్కొండ ఏలుబడిలో శ్రీకాకుళం కేంద్రంగా ఉన్న సర్కారులో భాగం. ఆ సర్కారు పోయి విశాఖపట్నం జిల్లా వచ్చింది, 2022 నుంచి మా చోడవరం అనకాపల్లి జిల్లాలో ఉంది. ఏలినవారు మారినకొద్దీ కాగితాల మీద పేర్లు మారుతూనే ఉన్నాయి. ఆనాడు ఇక్కడ ఉన్న మన తాతముత్తాతలు సింహాసనం మీద కూర్చున్నవారు కారు. దూది ఏకినవారు, బట్ట నేసినవారు, గుర్రాలు కాసినవారు, పొలం దున్నినవారు. ఆ తోటకు నీళ్లు పారించిన సొమ్ములో వారు కట్టిన శిస్తూ కలిసి ఉంటుంది. పక్కింటి తెలుగు రైతు తాత కట్టిన శిస్తూ కలిసి ఉంటుంది. మనవాళ్లంటే నిజానికి వారు.

గోల్కొండ ఐశ్వర్యానికి మూలం కృష్ణా తీరంలోని వజ్రపు గనులు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలూ కలిపి సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. గనుల కూలీలకు దక్కేది ఎంత తక్కువో కూడా రాశాడు. ఇప్పుడా కొల్లూరు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. ఆ 60,000 మంది కూలీలకు గుమ్మటాల్లేవు. తోటలో తిరిగేవాడు వారి కోసం ఎక్కడ వెతికినా పేరు చెక్కిన రాయి దొరకదు.

పైగా సమాధులను సున్నంతో గచ్చు చేయడాన్ని, వాటిపై కూర్చోవడాన్ని, వాటిపై కట్టడం కట్టడాన్ని దైవప్రవక్త (స) వారించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖన ఉంది (ముస్లిం). గుమ్మటాలను చూసి ఇది ఇస్లాం ఘనత అని పిల్లలకు చెప్పేవారు ఈ హదీసును ఏం చేస్తారు? శిల్పుల నేర్పు అనండి, దక్కను చరిత్ర అనండి, అభ్యంతరం లేదు. ఇస్లాం పేరు మాత్రం దానికి తగిలించకండి.

ఇప్పుడు చూసేవాడి సంగతికి వద్దాం. వైభవం చూడడానికి గుమిగూడిన జనం గురించి ఖుర్ఆన్ ప్రత్యేకంగా చెప్పిందంటే కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. ఖసస్ సూరా (28:76-82)లో ఖారూన్ గాథ ఉంది. అతని ధనాగారాల తాళపుచేతులు మోయడమే బలిష్ఠుల గుంపుకు భారం. ఒకరోజు అతను సర్వాలంకారాలతో తన జాతి ముందుకు వచ్చాడు. చూస్తున్నవారిలో ఇహలోకాన్ని కోరుకునేవారు, ఖారూన్‌కు దక్కినటువంటిది మనకూ దక్కితే ఎంత బాగుండునని నిట్టూర్చారు. జ్ఞానం ఇవ్వబడినవారు వారిని మందలించారు. ఖారూన్‌ను ఇంటితో సహా భూమి మింగేసిన తర్వాత, నిన్న అతని స్థానాన్ని కోరుకున్నవారే, అల్లాహ్ మనల్ని కనికరించకపోతే మనమూ కూరుకుపోయేవాళ్లమని అనుకున్నారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ జనం దొంగతనం చేయలేదు, ఎవరినీ అణచలేదు, ఖారూన్ సొమ్ములో ఒక దిర్హమ్ కూడా వారికి ముట్టలేదు. వారు చేసింది చూడడం, మనసులో కోరుకోవడం. అంతమాత్రానికే దైవగ్రంథం వారిని పట్టి చూపించింది. కోట చూసి, తోట చూసి, సెల్‌ఫోన్‌లో తమ ముఖం ముందు పెట్టి గుమ్మటం వెనుక పెట్టి ఫోటో తీసుకుని, ‘బతికితే ఇలా బతకాలి’ అనుకుంటూ బస్సెక్కేవాడు ఆ జనంలో ఒకడు. ఖారూన్ కాలేకపోయినవారికి ఖారూన్ జబ్బు రాదనుకోవడం పొరపాటు.

ఆ కోరిక ఇంటికి వచ్చాక ఏమవుతుందో మనం చూస్తూనే ఉన్నాం. దానికి ముందు దూరదేశపు తోట ఒకటి చెప్పాలి. చైనా రాజధాని బీజింగ్‌లో వేసవి రాజభవనంగా పేరొందిన చక్రవర్తుల తోట ఉంది. చైనాకు చదువుకో వ్యాపారానికో వెళ్లిన మనవారిలో దాన్ని చూసినవారుంటారు. 1750లో చియాన్‌లుంగ్ చక్రవర్తి తల్లి 60వ జన్మదినం కోసమని దాని నిర్మాణం తలపెట్టాడు. సుమారు 290 హెక్టార్లు, అందులో ముప్పాతిక వంతు సరస్సే. గట్టు వెంట 700 మీటర్లకు పైబడిన నడవా, దాని దూలాల మీద వేల బొమ్మలు. 1860లో ఆంగ్లేయ, ఫ్రెంచి సేనలు దాన్ని తగలబెట్టాయి. తర్వాత 1880లలో రాజమాత సీషీ మళ్లీ కట్టించింది. నౌకాదళానికి చేరవలసిన సొమ్మును ఆమె ఈ తోటకు మళ్లించిందని చరిత్రకారులు రాశారు. ఆ సరస్సు అంచున పాలరాతి పడవ అని ఒకటి ఉంది. అడుగుభాగం నిజంగా రాయే, కదలదు. పైనున్న మేడ మాత్రం చెక్క, పాలరాయిలా కనబడేటట్లు రంగు వేశారు. 1894-95లో జపాన్‌తో జరిగిన యుద్ధంలో చైనా ఉత్తర నౌకాదళం తుడిచిపెట్టుకుపోయింది. ఆ ఏడే రాజమాత 60వ జన్మదినం వచ్చింది, ఆ తోటలో తలపెట్టిన ఉత్సవాలను కుదించుకోవలసి వచ్చింది. విశాఖ తీరంలో యుద్ధనౌకలను చూస్తూ పెరిగిన మన పిల్లలకు ఈ రాతి పడవ కథ చెబితే మరో వివరణ అక్కర్లేదు. 1924లో ఆ తోటను సామాన్యులకు తెరిచారు. ఇప్పుడు టికెట్టు కొని ఎవరైనా ఆ పడవను చూడవచ్చు.

ప్రళయ దినాన మనిషి పాదాలు కదలక ముందే అడగబడే ప్రశ్నల్లో, ధనం ఎక్కడి నుంచి సంపాదించావు, దేనికి ఖర్చు పెట్టావు అనేవి ఉన్నాయని హదీసు తెలుపుతోంది (తిర్మిజీ). ఈ ప్రశ్నలు చక్రవర్తికీ ఉన్నాయి, పెళ్లి చేసే తండ్రికీ ఉన్నాయి. మన ఫంక్షన్ హాళ్లలో వలీమా రోజున ఏం చూస్తున్నాం? చెక్కకు, థర్మోకోల్‌కు రంగులు వేసి రాజభవనం ముఖద్వారాల సెట్టింగులు. దాని ముందు సింహాసనం లాంటి కుర్చీ. ఆ కుర్చీకి డబ్బెక్కడిదంటే జోడే కీ రఖం, లేకపోతే వడ్డీ అప్పు. రాత్రి పన్నెండు గంటలకు సెట్టింగు విప్పి లారీకి ఎత్తుకుపోతారు. చైనా పడవ అయినా వందేళ్లకు పైగా నిలిచింది. ఇది ఒక్క పూటైనా నిలవదు, అప్పు మాత్రం ఏళ్లకేళ్లు ఉంటుంది. పెద్దలు రాజుల విలాసాలను తిట్టడం మేము వింటుంటాం. వారి ఇంటి పెళ్లికి వెళ్లినప్పుడు ఆ మాటలు గుర్తుకొస్తుంటాయి.

అయితే అందాన్నే ద్వేషించాలా? ససేమిరా కాదు. అల్లాహ్ సౌందర్యవంతుడు, సౌందర్యాన్ని ప్రేమిస్తాడని దైవప్రవక్త (స) చెప్పారు. అదే హదీసులో గర్వమంటే సత్యాన్ని తోసిపుచ్చడం, మనుషులను చిన్నచూపు చూడడమని వివరించారు (ముస్లిం). కనువిందు చేసే తోటలను మొలిపించినవాడు తానేనని, ఆ చెట్లను మొలిపించడం మనుషుల వల్ల అయ్యే పని కాదని అల్లాహ్ నమ్ల్ సూరా (27:60)లో గుర్తుచేశాడు. రాజు గోడ కట్టగలడు, కాలువ తవ్వించగలడు. ఆకుకు పచ్చదనం ఎక్కడి నుంచి తెస్తాడు? కహఫ్ సూరా (18:32-43)లో రెండు ద్రాక్ష తోటలున్న వ్యక్తి లోపలికి అడుగుపెడుతూ ఇది ఎన్నటికీ నశించదనుకున్నాడు. తోటలోకి వెళ్లేటప్పుడు మాషా అల్లాహ్ అని ఎందుకు అనలేదని అతని సహచరుడు అడిగాడు. ఆ సహచరుడికి తోట లేదు, సంతానం, సంపద తక్కువ. అయినా తోటను సరిగా చూసినవాడు అతనే. అతనికి తోట మీద ద్వేషమూ లేదు, అసూయా లేదు. ఇంకో సూక్ష్మం ముఫస్సిర్లలో కొందరు చెప్పారు. అతనికి రెండు తోటలున్నా ప్రవేశించినప్పుడు మాత్రం ఖుర్ఆన్ ‘జన్నత్’ అని ఏకవచనం వాడింది. అతనికి దక్కిన జన్నత్ అదొక్కటే, పరలోకంలో మరొకటి లేదన్న సూచన అందులో ఉందట.

తోట ఉన్నవాడు ఎలా ఉండాలో చూడాలంటే మదీనాకు వెళ్లాలి. హజ్రత్ అబూ తల్హా (రజి)కి మస్జిదె నబవీకి ఎదురుగా బైరుహా అనే ఖర్జూరపు తోట ఉండేది. తన ఆస్తిలోకెల్లా ఆయనకు ప్రియమైనది. దైవప్రవక్త (స) అందులోకి వెళ్లి తియ్యని నీరు తాగేవారు. ప్రియమైనదాన్ని ఖర్చుపెట్టనిదే పుణ్యాన్ని అందుకోలేరన్న ఆయతు (3:92) అవతరించగానే అబూ తల్హా (రజి) వచ్చి తోటను అల్లాహ్ మార్గంలో ఇచ్చేశారు. దాన్ని దగ్గరి బంధువులకు పంచమని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు, ఆయన అలాగే పంచారు (బుఖారీ). ఆయన తోటను ప్రేమించడం మానలేదు. ప్రేమించినందువల్లే అది ఇవ్వదగినదయింది. మన దక్కనులోనూ ఇటువంటి జాడలు లేకపోలేదు. మహమ్మద్ కులీ కుమార్తె హయాత్ బక్షీ బేగం పేరిట హయత్‌నగర్‌లో మసీదు, బాటసారుల సరాయి, పక్కనే పెద్ద బావి కట్టారు. ఆమె గుమ్మటం చూడడానికి టికెట్టు కావాలి. ఆ మసీదులో సజ్దా చేయడానికి టికెట్టు అక్కర్లేదు. శ్రీకాకుళంలో కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు కూడా అటువంటిదే. హైదరాబాదు దాకా వెళ్లలేనివారు దాన్నయినా చూసి రావచ్చు.

వెళ్లేవారికి కొన్ని మాటలు. ఆ తోట నిజానికి ఖబరస్తాన్. సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుంది కనుకనే దానికి అనుమతి ఇవ్వబడింది. ప్రవేశించగానే ఖబరువాసులకు సలాం చెప్పండి, వారి మన్నింపు కోసం దుఆ చేయండి. వారిని మాత్రం ఏమీ అడగకండి. సమాధుల మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పకండి. పిల్లలను గుమ్మటాల కన్నా ముందు హమామ్ దగ్గరకు తీసుకెళ్లండి. ఆ తర్వాత బావి చూపించి అది ఎలా కూలిందో, ఎలా లేచిందో చెప్పండి. జొహర్ వేళకు సఫ్ కట్టడానికి ఎక్కడ వీలుందో ముందే కనుక్కోండి. బస్సు మాట్లాడుకునేటప్పుడు రెండు సీట్లు ఖర్చు భరించలేని ఇంటి పిల్లల కోసం తీసిపెట్టండి. పేదవాడెవడూ ఈ రోజు లోపలికి రాకూడదని గుసగుసలాడుకుంటూ తెల్లవారకముందే తోటకు బయలుదేరినవారి గాథ ఖలమ్ సూరా (68:17-33)లో ఉంది, ప్రయాణంలో అది చదివి వినిపించవచ్చు. ఆ పిల్లల సీట్ల డబ్బు ఎవరు కట్టారో మాత్రం బస్సులో ఎవరికీ తెలియనివ్వకండి.